బోర్లించిన బకెట్

"మా లైనులో అందరం ఒకే భాష మాట్లాడేవాళ్లం" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ మధ్య ఆ మాట మరీ ఎక్కువగా వినిపిస్తోంది. గోదావరిఖనిలో మేం పెరిగిన పాత క్వార్టర్లను కూల్చేస్తున్నారని తెలిసినప్పటి నుంచి, ఎక్కడెక్కడో స్థిరపడ్డ మా లైను వాళ్లంతా ఫోన్లలో ఒక గుంపు కట్టారు. పొద్దున లేస్తే అందులో ఇదే పాట. మనకు కులం తెలియదట, మతం తెలియదట, ఆంధ్రా తెలంగాణ అన్న తేడా తెలియదట, అందరిదీ ఒకే మాట, ఒకే భాష అట. ఇలా రాసేవాళ్లలో సగంమంది చిన్నప్పుడు నా యాసను వెక్కిరించినవాళ్లు, మిగతా సగంమంది నేను వెక్కిరించినవాళ్లు. కూల్చేముందు ఒకసారి అందరం లైనులో కలుద్దామనీ, ఆ రోజు చదవడానికి ఏదైనా రాసుకురమ్మనీ నాకు చెప్పారు. రాస్తాను కానీ ఆ పాట మాత్రం రాయనన్నాను. "నువ్వింక మారవా?" అని ఒకాయన అడిగాడు. ఇంత వయసొచ్చాక మారి ఎవరిని ఉద్ధరించాలి?

ముందు లైను అంటే ఏమిటో చెప్పాలి. ఒకదాని వీపుకు ఒకటి అతుక్కున్నట్టు వరుసగా కట్టిన రెండు గదుల ఇళ్లు. పక్కింట్లో పోపు పెడితే మనింట్లో దగ్గొచ్చేంత దగ్గర. మా నాన్నను మేం బాపు అనేవాళ్లం. ఆయన బొగ్గుబాయిలో కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని చేసేవాడు. అమ్మను మా వైపు అవ్వ అనే అంటాం. మా అవ్వ లచ్చమ్మది కమాన్‌పూర్. ఎడమ పక్కింట్లో ఖైరున్ ఖాలా, ఉర్దూలో ఖాలా అంటే పిన్ని, ఆమె భర్త బాయిలో బొగ్గు డబ్బాలను లాగే యంత్రం నడిపేవాడు. కుడి పక్కన కాకినాడ నుంచి వచ్చిన సావిత్రి పిన్ని, ఆమె భర్త కరెంటు పనులు చూసే సూపర్‌వైజరు. మధ్యలో మేము. పొద్దున మూడిళ్ల వాకిళ్లలో మూడు బొగ్గుల పొయ్యిలు రాజేస్తే పొగ మాత్రం ఒక్కటిగా కలిసి పైకి పోయేది. ఆ పొగ కిందే ఒక ఇంట్లో ఉల్లిగడ్డ ఎర్రగా వేగే వాసన, ఒక ఇంట్లో ఇంగువ, మా ఇంట్లో చింతపండు పిసికిన పచ్చిపులుసు. బాపు బట్టలు ఉతికిన నీళ్లు సిరాలాగా కాలువలోకి పోయేవి. ఆ కాలువ కూడా అందరిదీ ఒకటే. భాష మాత్రం కాదు.

ఖైరున్ ఖాలాకు తెలుగు బాగా వచ్చు. మా అవ్వకు ఉర్దూ పూర్తిగా అర్థమయ్యేది. అయినా ఒకరి భాషలోకి ఒకరు అడుగు పెట్టేవాళ్లు కాదు. గోడకు అటు ఆమె, ఇటు ఈమె. "ఖైరున్, ఏం కూరనే ఇయ్యాల?" అని అవ్వ అడిగేది. "క్యా బోలూఁ లచ్చమ్మా, వహీచ్ దాల్!" అని ఖాలా. "పప్పేనా? మాదీ గదే. మీ పప్పు మాకియ్యి, మా పప్పు నువ్వు తీస్కపో, కొత్తగుంటది" అని అవ్వ. ఎన్నేళ్లు మాట్లాడుకున్నారో, ఎవరి గడప దిగి ఎవరూ రాలేదు. సావిత్రి పిన్నితో ఇంకో గొడవ. ఆమె మా అవ్వను "వదినగారూ, రెండు రెబ్బలు కరివేపాకుంటే ఇస్తారా?" అని అడిగేది. అవ్వ దోసిలి నిండా ఇచ్చి పంపించి, తలుపు వెనక్కి రాగానే, "వదినెగారంట! దీని అన్నను నేనెప్పుడు చేసుకున్ననే?" అనేది. పిన్ని నన్ను బాగుచేయాలని కంకణం కట్టుకుంది. "పోతున్న కాదమ్మా, వెళ్తున్నాను అనాలి" అనేది. "మీరు వెళ్లండి పిన్నీ, నేను పోత" అనేదాన్ని. నల్లా దగ్గర నీళ్ల కోసం ముగ్గురూ మూడు భాషల్లో తిట్టుకునేవాళ్లు. అప్పుడు ఎవరికీ ఏ మాటా అర్థం కాకపోవడం అన్నది ఉండేది కాదు.

ఒకే భాష అంటే నేను ఒప్పుకునేది ఒక్కటే ఉంది. అది నోటితో మాట్లాడేది కాదు. బకెట్‌తో మాట్లాడేది.

బాయి పని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే ఇల్లు చేరిన మనిషి పగలు నిద్రపోవాలి. లైనులో ఏ పగలు చూసినా ఏదో ఒక ఇంట్లో ఒక మగమనిషి నిద్రపోతూ ఉండేవాడు. నిద్ర చాలని మనిషి బాయిలోకి దిగితే అతనికీ అపాయమే, పక్కన పనిచేసేవాళ్లకూ అపాయమే. అందుకని అతను స్నానం చేసి, తిని, మంచమెక్కగానే ఆ ఇంటి ఆడమనిషి గడప ముందు ఇనుప బకెట్ బోర్లించేది. బోర్లించిన బకెట్ కనపడితే లోపల మనిషి నిద్రపోతున్నాడని అర్థం. ఇక ఆ గుమ్మం ముందు కూరగాయలామె కేక ఆగిపోయేది, అటు నాలుగిళ్లు దాటాక మళ్లీ మొదలయ్యేది. కారం దంచే రోలు సాయంత్రం దాకా ఆగేది. పిల్లల్ని గల్లీ చివరికి తరిమేవాళ్లు. ఊరి నుంచి చుట్టం దిగినా తలుపు కొట్టడు, పక్కింట్లో కూర్చుని చాయ్ తాగుతూ బకెట్ తిరగబడేదాకా కాచుకుంటాడు. ఇది ఆడవాళ్ల పని. మగవాళ్లు బకెట్‌ను దాటుకుంటూ పోయేవాళ్లే తప్ప చెయ్యి పెట్టేవాళ్లు కాదు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. నేను అక్షరాలు రాకముందే బకెట్ చదవడం నేర్చుకున్నాను.

దానికీ యాసలున్నాయి. మా అవ్వ గడపకు ఎడమవైపు, చేత్తో పట్టుకునే పట్టీ గోడకు తగిలేలా బోర్లించేది. ఖాలా నడిమధ్యలో పెట్టి పైన తడిగుడ్డ పరిచేది, ఎండకు ఇనుము కాలి పిల్లల చేతులు చుర్రుమంటాయని. సావిత్రి పిన్ని బకెట్‌ను ముందు చింతపండుతో తోమి, గడప కుడి మూలకు అమర్చేది. "ఇగ దానికి బొట్టు గూడ పెడ్తదేమో" అని అవ్వ. గల్లీ మొదట్లో నిలబడి చూస్తే చాలు, ఏ బకెట్ ఏ చేతిదో చెప్పగలిగేవాళ్లం.

ఇంతకీ నేను వాదించేది ఈ భాష గొప్పదని కాదు. మా చిన్నమ్మకు కాన్పయిందని కబురొస్తే అవ్వ నన్ను వెంటబెట్టుకుని కమాన్‌పూర్ పోయింది. బాపుకు రాత్రి డ్యూటీ. వండి పెట్టి పోయాం. మర్నాడు మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చి ఆటో దిగాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. గల్లీలో చప్పుడన్నది లేదు. మా గడప ముందు బకెట్ బోర్లించి ఉంది. అవ్వ వేలు పెదాల మీద పెట్టింది. "చెప్పులు ఇడువు. మీ బాపు పండుకున్నడు" అంది గుసగుసగా. ఇద్దరం మా ఇంటి మెట్టు మీదే కూర్చున్నాం. దాహమవుతోందంటే, "జరసేపు ఓర్సుకో" అంది. ఖాలా తలుపు సందులోంచి తొంగి చూసి, ఏ బిడ్డ అని చేత్తో అడిగింది. మగపిల్లగాడని అవ్వ మీసం మెలేసినట్టు చూపించింది. ఖాలా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అటు నుంచి సావిత్రి పిన్ని కూడా చూసి, రెండు చేతులూ జోడించి దేవుడికి దండం పెట్టింది. ఆ లైను ఎప్పుడైనా ఒకే భాషలో మాట్లాడిందంటే ఆ కాసేపే. ముగ్గురాడవాళ్లు మూడు గడపల్లో నిలబడి, నోరు మెదపకుండా ఒక పసివాడి పుట్టుక చెప్పుకున్నారు.

అవ్వ కొంగుతో విసురుకుంటోంది. విసురుతున్న చెయ్యి ఉన్నట్టుండి ఆగింది. బకెట్ వంక చూసింది. ఎడమవైపు ఉంది, పట్టీ గోడకు తగిలి ఉంది. "నేను ఇంట్ల లేకపోతి గదా... బకీటెవరు బోర్లేసిండ్రు?" అని నన్నే అడిగినట్టు అంది. లేచి తలుపు తోసింది.

బాపు సగం మంచం మీద, సగం కిందికి జారి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి గురక పెట్టినట్టు బరువుగా వస్తోంది. పక్షవాతం. అవ్వ పెట్టిన కేక ఆ మధ్యాహ్నం మా లైనులో మొదటి చప్పుడు. దాంతో గల్లీ గల్లీ వచ్చి పడింది. ఖాలా భర్త నిద్ర ముఖంతోనే పరుగెత్తి ఆటో తెచ్చాడు, సావిత్రి పిన్ని భర్త బాపును చేతుల మీద ఎత్తుకుని కూర్చున్నాడు. దవాఖానలో ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, మాట దక్కలేదు. పొద్దున్నే తెచ్చి ఉంటే మాట మిగిలేదేమో అన్నాడు ఒక డాక్టరు. ఖాయంగా చెప్పలేనని కూడా అన్నాడు గానీ అవ్వ ఆ రెండోది వినలేదు.

మూడో రోజో నాలుగో రోజో నల్లా దగ్గర బిందె పక్కన పెట్టి అవ్వ గట్టిగానే అడిగింది. "మా బకీటు బోర్లేసింది ఎవరు? నేనేం అనను. ఎవరో చెప్పుండ్రి, గంతే." ఎవరూ చెప్పలేదు. తర్వాత మాత్రం అందరూ చెప్పడం మొదలుపెట్టారు, ఎవరి గురించి వాళ్లు కాదు. సాయిబులామె పనే అని కొందరు మా అవ్వ చెవిలో వేశారు. ఆంధ్రామెకు పిల్లల అల్లరి పడదు, ఆమే బోర్లించి ఉంటుందని ఇంకొందరు. మనకు తేడాలు తెలియవని ఇప్పుడు రాస్తున్న ఇళ్ల నుంచే ఆ మాటలు వచ్చాయి. పేర్లు రాయనులే, భయపడకండి. అవ్వ ఎవరినీ నిందించలేదు. ఇద్దరితోనూ మాట్లాడటం మానేసింది. గోడ మీది పప్పు కబుర్లు ఆగిపోయాయి. కరివేపాకు అడిగేవాళ్లు లేక మా చెట్టు గుబురుగా పెరిగింది.

కొన్నాళ్లు లైనులో ఎవరూ బకెట్ బోర్లించలేదు, భయంతో. గల్లీ అంతా గోలగోల అయింది. రాత్రి షిఫ్టు మగవాళ్లు ఎర్రటి కళ్లతో బయటికొచ్చి పిల్లల మీద అరిచేవాళ్లు. అట్లాంటి ఒక రోజు ఖాలా బెల్లంపల్లిలో పుట్టింటికి పోయి ఉంది. ఆమె భర్త డ్యూటీ నుంచి వచ్చి తలుపు దగ్గరకేసుకుని పడుకున్నాడు. పిల్లలు వాళ్ల గోడకే బంతి కొడుతున్నారు. మా అవ్వ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత చరచరా పోయి ఖాలా బకెట్ తీసుకుని గడప నడిమధ్యలో బోర్లించింది. మా నీళ్లలోనే ఒక గుడ్డ తడిపి తెచ్చి పైన పరిచింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "ఏం జూస్తున్నవ్? పోయి అంట్లు తోము" అంది. ఖాలాతో మాత్రం అప్పుడూ మాట్లాడలేదు.

బాపు ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. నీళ్లు కావాలంటే ఎడమచేతి ఉంగరంతో మంచం పట్టె మీద కొట్టేవాడు. ఆ చప్పుళ్లను బట్టే ఏం కావాలో మాకు తెలిసేది. ఆ రోజు ఆయన స్పృహలో ఉన్నాడని, గడప దగ్గర ఇనుము నేలకు తగిలిన చప్పుడు విన్నాడని నా నమ్మకం. కాలేజీకి పోయే రోజుల్లో నేను పట్టుదలగా అడిగేదాన్ని. "బాపూ, ఖాలానా? అవునంటే కొట్టు. పిన్నా? కొట్టు." ఆయన సగం మూతితో నవ్వి కళ్లు మూసుకునేవాడు. ముఖం మీద బకెట్ బోర్లించుకున్నట్టే. ఇక మా లైనులో పుట్టినదాన్ని, నేను మాత్రం ఎట్లా కొడతాను తలుపు?

అవ్వ ఇప్పుడు నాతోనే కరీంనగర్‌లో ఉంటుంది. లైను చూడటానికి రమ్మంటే రానంది. "నేనెందుకు? అందరు వస్తరు గదా. అడిగి రా" అంది. ఏమడగాలో నేను అడగలేదు.

పోయాను. ఏమీ రాసుకుపోలేదు, ఇదంతా తిరిగొచ్చాక రాస్తున్నదే. తలుపులు, కిటికీలు పీకేసిన ఇళ్లు పళ్లూడిన నోళ్లలాగా ఉన్నాయి. మా ఇంటి ముందే షామియానా వేశారు. బిర్యానీ, ఉపన్యాసాలు, ఒకే భాష పాట. ఖైరున్ ఖాలాను బెల్లంపల్లి నుంచి కొడుకు తీసుకొచ్చాడు. సావిత్రి పిన్ని కాకినాడ నుంచి రైల్లో వచ్చింది. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో ముక్కలు తినలేక ఒకరి పళ్లెంలోకి ఒకరు తోస్తున్నారు. నాకు నాన్చడం చేతకాదు. వాళ్ల ముందు నిలబడి అడిగేశాను. మా బకెట్ బోర్లించింది మీలో ఎవరు?

ఖాలా తల అడ్డంగా ఊపింది, ఎదురుగా ఉన్నది మా అవ్వ కాదు గనక తెలుగు కలిపే చెప్పింది. "నై బేటీ, మై నై. అల్లా కసమ్. లచ్చమ్మ బకీటు ఇట్ల గోడకు పెడ్తది, నాకు ఎరుకలేదా? ఆ దినం గట్లనే ఉండె. లచ్చమ్మ జల్ది వాపస్ వచ్చింది అనుకున్న." తర్వాత పక్కకు తిరిగి, "మై తో తుమ్‌కోచ్ సమ్జీ, సావిత్రమ్మా" అంది.

పిన్ని చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. "నన్నా? అయ్యో రామ, ఇన్నేళ్లూ నన్ననుకున్నావా? నేను నువ్వనుకున్నాను ఖైరున్!" అని, నావైపు చూసింది. "ఒట్టమ్మా, నేను కాదు. మీ అమ్మగారే వచ్చేశారనుకున్నాను. అది ఆవిడ చెయ్యే. మా పిల్లలు అరుస్తుంటే, లచ్చమ్మ వదినగారు మళ్లీ నన్నంటారు, నోరు మూసుకోండని కసిరాను కూడా." ఇద్దరు ముసలివాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏడుస్తారనుకున్నాను. ఖాలా పకపకా నవ్వింది. "అందుకే నువ్వు నాకు గోంగూర ఇచ్చుడు బంద్ చేసినవా?" పిన్ని అదే పనిగా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. మా అవ్వ అక్కడ ఉండాల్సింది. ముగ్గురిలో ఏ ఒక్కరు మాట్లాడినా మిగతా ఇద్దరికీ తెలిసిపోయేది. ఎవరి బకెట్ వాళ్లు బోర్లించుకుని కూర్చున్నారు.

నేను తిరిగొచ్చింది అపార్టుమెంటుకు. ఇక్కడ నిజంగానే అందరిదీ ఒకే భాష. లిఫ్టులో ఒకే రకం పలకరింపు, ఒకే రకం నవ్వు. మా పైఅంతస్తులో ఉన్నతను రాత్రంతా కంప్యూటర్ మీద పనిచేసి పగలు నిద్రపోతాడట. మిక్సీ చప్పుడు మానుకోమని అతను ఒకరోజు లిఫ్టులో కసురుకుంటే గానీ నాకు తెలియలేదు. అప్పుడు బాగుండేది, ఇప్పుడు బాగాలేదని నేను అనను. అతనికి ఏమన్నా అయితే ఎవరో ఒకరు గంట కొడతారు, సామాను తెచ్చే పిల్లగాడైనా కొడతాడు. మా లైనులో ఎవరూ కొట్టలేదు. తెలియక కాదు, బకెట్ భాష అందరికీ అంత బాగా తెలుసు గనకే.

అవ్వ తలుపు దగ్గరే కాచుకుని ఉంది. ఇద్దరూ కాదన్నారని చెప్పాను. "నీ చెయ్యే అనుకున్నరట. నువ్వు వచ్చినవనుకున్నరట" అన్నాను.

"మరి ఎవరు?"

"బాపే బోర్లేసుకున్నడేమో."

"మీ బాపా? బతికినన్నొద్దులు కాలుతోటి జరిపిండు గని చెయ్యి పెట్టలె."

"ఎవరైతేంది అవ్వా? నీ తీరుగ, ఎడమదిక్కు, గోడకు తగిలేటట్టు పెట్టిన మనిషికి నీ మీద కోపం ఉంటదా? నువ్వు గూడ ఖాలా బకీటు బోర్లేసినవు గదా, ఆమె తీరుగ. నేను జూసిన."

అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. వాదనలో నేను గెలిచాననే అనుకున్నాను. ఆమెను ఓడించిన సందర్భాలు నాకు లేవు. ఇదీ కాలేదు.

"బోర్లేసిన" అంది. "గని బోర్లేసి ఊకున్ననా? నడుమ నడుమ పోయి కిటికి కాడ చెవు పెట్టిన. ఆయన గురక ఇనవడ్డంకనే మర్లి వచ్చిన."

ఆమె లోపలికి పోయి పడుకుంది. నేను అక్కడే కూర్చుండిపోయాను. బాపు ఊపిరి ఆ రోజు గురక పెట్టినట్టే ఉండింది, నేను విన్నాను. అందుకే ఎవరని ఇక నేను అడగను. మా లైను వాళ్లలో ఎవరైనా దీన్ని చదువుతుంటే, ఆ బకెట్ బోర్లించిన చెయ్యి ఇంకా ఈ లోకంలో ఉంటే, పేరు చెప్పనక్కర్లేదు, ఈ ఒక్కటి చెబితే చాలు. బోర్లించాక మీరు కూడా మా కిటికీ దగ్గరికి వచ్చారా? చెవి పెట్టి విన్నారా? వింటే, నిద్రపోతున్నాడులే అనుకుని వెళ్లిపోయారా?